అత్తయ్యతో కలిపి 17 మందిమి ఏదైనా దీవికి వెళ్లాలనుకుంటున్నాం, తెలిసినవాళ్లు సలహా చెప్పండి

నాగావళి_లక్ష్మి, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. మా అత్తయ్యకు ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. అల్లుళ్లు, కోడళ్లు, ఆరుగురు పిల్లలతో కలిపి 17 మందిమి. అందరికన్నా పెద్ద అత్తయ్య, 74 ఏళ్లు. అందరికన్నా చిన్నది మా మరిది కూతురు, ఏడాదిన్నర. ఒకరు హైదరాబాద్, ఒకరు రూర్కెలా, ఆడపడుచులు విజయనగరం, పార్వతీపురం. అందరం కలిసేది సంక్రాంతికే.

కలుస్తాం గానీ, భోగి ముందు రోజు పొయ్యి ముట్టిస్తే ముక్కనుమ దాకా ఆరదు. పిల్లలు, మగవాళ్లు మేడ మీద కబుర్లు చెప్పుకుంటుంటే తోటికోడళ్లం, ఆడపడుచులం కింద వంటింట్లో ఉంటాం. అత్తయ్య అయితే ఈ వయసులో కూడా పాకం ఇంకొకరికి అప్పగించరు. మోకాళ్లు పట్టేస్తున్నా పీట వేసుకుని పొయ్యి దగ్గరే కూర్చుంటారు. వెళ్లే రోజు బస్సు ఎక్కించేటప్పుడు తప్ప ఆడపడుచులతో నేను నిదానంగా మాట్లాడింది లేదు.

అందుకే ఈసారి ఇంట్లో ఎవరూ గరిటె పట్టుకోని చోటికి వెళ్దామని అందరం అనుకున్నాం. సముద్రం పక్కన ఏదైనా దీవిలో, మంచి రిసార్టులో ఐదారు రోజులు. మాల్దీవులా, లక్షద్వీపా, అండమానా అన్నది ఇంకా తేలలేదు. అత్తయ్యకు బీపీ, మోకాళ్ల నొప్పి ఉన్నాయి. ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి, రూములు ఎలా తీసుకోవాలి, డబ్బు లెక్కలు ఎలా చూసుకోవాలి, దయచేసి చెప్పండి.

రాజాం_రవి

లక్ష్మి గారూ, మొదట ఒక్క మాట చెప్పండి. 17 మందికీ పాస్‌పోర్టులు ఉన్నాయా? మాల్దీవులకు మనం ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, దిగాక 30 రోజులకు ఉచితంగా ఇస్తారు. కానీ పాస్‌పోర్టు లేనిదే విమానం ఎక్కనివ్వరు. పైగా అక్కడ చాలా రిసార్టులు ఒక్కో దీవికి ఒక్కటి. మాలేలో దిగాక స్పీడ్‌బోటో, సీప్లేనో ఎక్కించి తీసుకెళ్తారు, దానికి తలకింత అని వేరే కట్టాలి. దీవి దాటితే ఇంకో హోటల్ ఉండదు, తిన్నా తాగినా వాళ్ల ధరే. ఎక్కువ చోట్ల విల్లాకు ఇద్దరు, మహా అయితే ఒక పిల్లాడు. కొత్త జంటకు బాగుంటుంది గానీ ఐదు కాపురాల వాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి అనువు కాదు.

లక్షద్వీప్ మన దేశమే అయినా బయటివాళ్లకు ఎంట్రీ పర్మిట్ ఉండాలి. కొచ్చి నుంచి ఓడలోనో, అగత్తికి విమానంలోనో వెళ్లాలి. గదులు తక్కువ. ఇంతమందికి ఒకేసారి దొరకడం కష్టం.

నన్నడిగితే అండమాన్. పర్మిట్ గొడవ లేదు, ఆధార్ చాలు.

నాగావళి_లక్ష్మి

రవి గారూ, చాలా థాంక్స్. అత్తయ్యకు పాస్‌పోర్టు లేదు, పిల్లల్లో ముగ్గురికి లేదు. మాల్దీవుల మాట వదిలేశాం.

నిన్న రాత్రి ఫోన్లో అందరం మాట్లాడుకుంటుంటే అండమాన్ పేరు వినగానే అత్తయ్య మంచం మీద లేచి కూర్చున్నారు. ఆవిడ తమ్ముడు, అంటే మా వారి మేనమామ, పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటారు. పెళ్లికాక ముందే విశాఖలో ఓడెక్కి పనికోసం వెళ్లి అక్కడే స్థిరపడిపోయారు. ఆయన పెళ్లిళ్లకు, కర్మలకు ఇక్కడికి వస్తూనే ఉన్నారు గానీ అత్తయ్య మాత్రం తమ్ముడి ఇల్లు ఇంతవరకూ చూడలేదు. "ఆడి గుమ్మం తొక్కకుండా పోతానేమో అనుకున్నాను" అన్నారు. కాబట్టి అండమాన్ ఖాయం. ఇక మిగతావి చెప్పండి.

పోర్ట్‌బ్లెయిర్_సోంపేటోడు

లక్ష్మి అక్కా, మాదీ అదే కథ. మా తాత సోంపేట దగ్గర నుంచి వచ్చారు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు దాదాపు 13 శాతం. అందులో మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వాళ్లే ఎక్కువ. జంగ్లీఘాట్ చేపల రేవులో నిలబడితే మన యాసే వినిపిస్తుంది.

పేర్లు మారాయి, టికెట్లు కొనేటప్పుడు కంగారు పడొద్దు. 2018 డిసెంబర్‌లో హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని, రాస్ దీవిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని మార్చారు. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం అన్నారు. మాట్లాడేటప్పుడు ఇంకా పాత పేర్లే వాడతాం.

మీరనుకునే రిసార్టులు, తెల్లటి ఇసుక, నీలం నీళ్లు అన్నీ హావ్‌లాక్‌లో. పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర నుంచి రెండు గంటలు. ప్రభుత్వ ఫెర్రీ చవక, కాస్త నెమ్మది. ఎప్పుడొస్తున్నారో చెప్పండి, దాన్నిబట్టి మిగతావి చెప్తాను.

చీపురుపల్లి_పద్మ

దసరా సెలవులకు వెళ్లండి లక్ష్మీ. పిల్లలకు చదువు పోదు, అప్పటికి ఎండలూ తగ్గుతాయి.

కోటజంక్షన్_విజయనగరం

పద్మ గారూ, దసరా వెళ్లగానే వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. లక్ష్మి గారి ఆడపడుచు విజయనగరం అన్నారు. సిరిమాను వదిలి ఆ ఇంటివాళ్లు కదులుతారా?

పైగా అక్టోబర్ అంటే తుఫాన్ల నెల. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ అండమాన్ మీదుగా వచ్చే మన మీద పడింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ ఉద్దానంలో కొబ్బరి చెట్లను ఎలా పడగొట్టిందో మనకు చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో అక్కడ ఫెర్రీలు ఆపేస్తే దీవిలో చిక్కుకుపోతారు. నవంబర్, డిసెంబర్ మొదట్లో కూడా ఆ భయం ఉంటుంది.

నాగావళి_లక్ష్మి

సిరిమానుకు పెద్ద ఆడపడుచు కదలదు, అది నిజం. కార్తీకంలో అత్తయ్య నీసు ముట్టరు. ఆ తర్వాత మా మరిది అయ్యప్ప మాల వేసుకుంటాడు, జ్యోతి దర్శనం దాకా దీక్షే. సంక్రాంతికి ఇల్లు వదలడం అత్తయ్యకు ఇష్టం లేదు, గుమ్మంలో ముగ్గు లేకపోతే ఎలా అంటారు. ఫిబ్రవరి, మార్చిల్లో పిల్లల పరీక్షలు. ఇక మిగిలింది వేసవే. అప్పుడు సముద్రం ఎలా ఉంటుంది?

పోర్ట్‌బ్లెయిర్_సోంపేటోడు

ఏప్రిల్ చివరి వారం పెట్టుకోండి అక్కా. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నిలకడగా ఉంటుంది, నీళ్లలో అడుగు కనిపిస్తుంది. మే మూడో వారానికల్లా నైరుతి రుతుపవనాలు ముందు మా దీవులనే తాకుతాయి, ఆ తర్వాత ఫెర్రీల్లో కుదుపు మొదలవుతుంది. ఏప్రిల్‌లో ఉక్కపోత ఉంటుంది, దాచిపెట్టను. కానీ మీ దగ్గర ఏప్రిల్ ఎండ కన్నా నయం. టికెట్లు, గదులు డిసెంబర్ ఆఖరి వారంలో ఉన్నంత మంట ఉండవు.

కళింగపట్నం_శీను

ఓడలో వెళ్తే బాగుంటుంది కదా, ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. మా వైపు వాళ్లందరూ విశాఖ నుంచి ఓడలోనే వెళ్లారు. హర్షవర్ధన ఓడ పేరు తెలియని ఇల్లు మా పేటలో లేదు. బంకు, క్యాబిన్ అని తరగతులు ఉంటాయి, సామాను ఎంతైనా పట్టుకెళ్లొచ్చు.

పోర్ట్‌బ్లెయిర్_సోంపేటోడు

శీను అన్నా, ఓడ మీద నాకూ ప్రేమే. కానీ విశాఖ నుంచి నెలకు దాదాపు ఒక్కసారే ఉంటుంది, తేదీ కూడా ముందుగా గట్టిగా తెలియదు. రెండు రోజుల పైనే ప్రయాణం. పదిహేడు మంది సెలవులను ఓడ తేదీకి కట్టలేం. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దావిడకు ఓడలో ఆ నిటారు మెట్లు, గడపలు దాటడం కష్టం. ఏడాదిన్నర పిల్ల సంగతి సరే సరి.

రాజాం_రవి

విమాన టికెట్ల గురించి నాకు తెలిసినవి చెప్తాను, కొన్నాళ్లు ఆ పనే చేశాను. ఎయిర్‌లైన్ సైటులో ఒక బుకింగ్‌కు తొమ్మిది మందికే అవకాశం. అంతకు మించితే గ్రూప్ బుకింగ్ అడగాలి, లేదా కాపురాల వారీగా విడివిడిగా చేసుకోవాలి. మీవాళ్లు మూడు వైపుల నుంచి వస్తున్నారు కాబట్టి విడివిడిగానే మేలు. హైదరాబాద్ వాళ్లు అక్కడ నుంచి, రూర్కెలా వాళ్లు కోల్‌కతా మీదుగా, మీరు విశాఖ నుంచి. అందరూ ఒకే విమానం ఎక్కాలని పట్టుబట్టకండి, అందరూ ఒకే రోజు మధ్యాహ్నానికి దిగితే చాలు.

రెండేళ్లు నిండని పాపకు సీటు అక్కర్లేదు, ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, కొద్దిగా ఛార్జీ ఉంటుంది. పుట్టిన తేదీ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. తిరుగు ప్రయాణం నాటికి రెండేళ్లు నిండితే మాత్రం సీటు కొనాల్సిందే, ఆ లెక్క ఇప్పుడే చూసుకోండి. అత్తయ్య గారికి టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చెయిర్ కావాలని పెట్టండి. డబ్బులు తీసుకోరు. ఎయిర్‌పోర్టులో నడక మామూలుగా ఉండదు, నేను నడవగలను అని పెద్దవాళ్లు అంటారు గానీ వినకండి.

పలాస_పోస్టాఫీస్

మీ ఇంట్లో ఎవరైనా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఉన్నారా? ఉంటే ఎల్టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) కింద అండమాన్‌కు విమానంలో వెళ్లే సడలింపు ఉంది, విమానానికి అర్హత లేని గ్రేడు వాళ్లకు కూడా. దాని గడువు పొడిగిస్తూ వస్తున్నారు, కాబట్టి తాజా ఆర్డర్ ఆఫీసులో చూసుకుని ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి. టికెట్లు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ ద్వారానే తీసుకోవాలి. వేరే సైటులో చవకగా దొరికిందని కొంటే బిల్లు పాస్ అవదు.

నాగావళి_లక్ష్మి

మా చిన్న ఆడపడుచు భర్త కేంద్ర ప్రభుత్వంలోనే. ఆయన కళ్లు మెరిశాయి ఇది చదివి. చాలా మంచి మాట చెప్పారు.

ఇప్పుడు గదుల సంగతి. ఒక ట్రావెల్స్ వాళ్లు ఆరు రాత్రులకు మూడు దీవులు, నాలుగు హోటళ్లు అని ప్లాన్ పంపారు. రోజూ ఏదో ఒకటి ఉంది. చూస్తుంటేనే ఆయాసంగా ఉంది.

బొబ్బిలి_సుధ

లక్ష్మీ, ఆ ప్లాన్ ముట్టుకోకు. మా అత్తమామలతో, మరదళ్లతో కలిసి వెళ్లి వచ్చినదాన్ని కాబట్టి చెప్తున్నాను. హోటల్ మారిన ప్రతిసారీ ఆడవాళ్లకే పని. పిల్లల తడి బట్టలు మూట కట్టాలి, మందుల సంచి వెతకాలి, ఛార్జర్లు లెక్కపెట్టాలి, మంచం కింద చెప్పులు చూడాలి. వంటింటి నుంచి తప్పించుకుని సూట్‌కేసుల దగ్గర చిక్కుకుంటావు. హావ్‌లాక్‌లో ఒకే రిసార్టు, కనీసం మూడు రాత్రులు. రోజుకు ఒక్కటే బయటి పని, మిగతా పూట ఖాళీ. ఆ ఖాళీ పూటల్లోనే మేం మా మరదళ్లతో నోరారా మాట్లాడుకున్నాం. అది ఏ ప్యాకేజీలోనూ రాసి ఉండదు.

గదులు బుక్ చేసేముందు రిసార్టుకు ఫోన్ చేసి ఇవి అడుగు. అత్తయ్య గదికి మెట్లు ఉన్నాయా? రిసెప్షన్ నుంచి, డైనింగ్ హాలు నుంచి ఎంత దూరం? దారి ఇసుకా, రాళ్లా, సిమెంటా? మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఇసుకలో నడక చాలా కష్టం. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ ఉందా? షవర్ దగ్గర గట్టు ఎంత ఎత్తు? ఫోటోల్లో ఇవేవీ కనిపించవు. వీడియో కాల్ చేసి చూపించమను, మంచి రిసార్టు వాళ్లు చూపిస్తారు.

అత్తయ్యను ఒంటరిగా ఒక గదిలో పెట్టకు. పెద్ద మనవరాలిని తోడు పడుకోమను. రాత్రి బాత్‌రూమ్‌కు లేచినప్పుడు కొత్త చోటు కదా.

ఇంకోటి, గది అద్దె రోజుకు 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, లోపైతే 5 శాతం. ఆరు గదులకు మూడు రాత్రులంటే ఆ తేడా చిన్నదేం కాదు. అద్దె చెప్పినప్పుడు టాక్సుతో కలిపా, టిఫిన్‌తో కలిపా అని అడుగు.

టెక్కలి_మాస్టారు

అమ్మా లక్ష్మీ, నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. జాగ్రఫీ చెప్పినవాణ్ణి కాబట్టి రెండు ముక్కలు.

మొదటిది వెలుతురు. అండమాన్ మనకన్నా చాలా తూర్పున ఉంది, కానీ గడియారం మాత్రం మనదే. అందుకని తెల్లవారుజామున ఐదింటికే వెలుగొచ్చేస్తుంది, సాయంత్రం ఐదున్నర దాటగానే చీకటి పడుతుంది. ఊళ్లో లాగా తొమ్మిదింటికి టిఫిన్ తిని బయల్దేరితే సగం పొద్దు పోతుంది. మీ అత్తగారు ఎలాగూ నాలుగింటికే లేచే మనిషి అయి ఉంటారు. ఆవిడ టైం ప్రకారం అందరూ నడవండి.

రెండోది ఆటుపోట్లు. పంచాంగం వెంట పెట్టుకోండి. అమావాస్యకు, పున్నమికి పోటు బాగా వస్తుంది, పాటుకు నీళ్లు బాగా వెనక్కు పోతాయి. అష్టమి దగ్గర ఆ తేడా తక్కువ. హావ్‌లాక్ తూర్పు ఒడ్డున చాలా రిసార్టులు ఉన్నచోట తీరంలో లోతు తక్కువ, పాటు సమయంలో నీళ్లు దూరంగా వెళ్లిపోయి రాళ్లు, పగడాల దిబ్బలు పైకి తేలతాయి. అప్పుడు స్నానానికి దిగితే కాళ్లు కోసుకుంటాయి. ఆ రోజు పోటు ఎన్నింటికో రిసార్టులో పొద్దున్నే అడగండి.

ఆ తూర్పు ఒడ్డున ఒక ఊరి పేరు విజయనగర్. మీ ఆడపడుచుకు చెప్పండి, సంతోషిస్తుంది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లకు అక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. గోవింద్‌నగర్, కృష్ణనగర్, శ్యామ్‌నగర్, రాధానగర్ అన్నీ ఆ ఊళ్లే.

పోర్ట్‌బ్లెయిర్_సోంపేటోడు

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. తూర్పు ఒడ్డు సూర్యోదయానికి, పడమర ఒడ్డున రాధానగర్ బీచ్ సూర్యాస్తమయానికి. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది రాధానగర్ గురించే. ఇసుక మెత్తగా ఉంటుంది. రేవు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. మధ్యాహ్నం మూడున్నరకల్లా అక్కడ ఉండండి, చీకటి పడకముందే తిరిగి రావాలి. హద్దు తాడు కట్టి, లైఫ్‌గార్డు ఉన్నచోటే నీళ్లలో దిగాలి. పక్కన వాగు కలిసే మూలకు, మడ అడవుల వైపుకు పిల్లలను పోనివ్వొద్దు. ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, 2010లో రాధానగర్ పక్కనే ఒక విదేశీ యాత్రికురాలు మొసలికి బలైంది. బోర్డు పెట్టారంటే ఊరికే పెట్టలేదు.

ఎలిఫెంట్ బీచ్‌కు పిల్లలు, కుర్రవాళ్లు వెళ్లండి. బోటులో వెళ్లాలి, అక్కడ నీళ్లలో ముఖం పెట్టి చూస్తే చేపలు, పగడాలు కనిపిస్తాయి. అత్తయ్య గారిని తీసుకెళ్లొద్దు, బోటులోంచి నీళ్లలోకి దిగి నడవాలి.

చాలామంది గుహలున్న బారటాంగ్ దీవి కూడా పెట్టమంటారు. తెల్లవారకముందే లేచి, కాన్వాయ్‌లో అడవి దారిలో గంటల తరబడి ప్రయాణం. ఆ దారి జరావాలు అనే ఆదివాసులకు కేటాయించిన అడవి మధ్య నుంచి పోతుంది. బండి ఆపకూడదు, ఫోటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు, చట్టం ప్రకారం నేరం. గుహలు చూడాలన్న ఆసక్తి ఉంటే వెళ్లండి. జరావాలను చూపిస్తామని ఎవరైనా అంటే ఆ బండి ఎక్కకండి. వాళ్లు వాళ్ల ఇంట్లో ఉన్నారు, మనం చూడ్డానికి కాదు.

ఇది అన్నిటికన్నా ముఖ్యం. తిరుగు విమానం ఉన్న రోజు పొద్దున్న హావ్‌లాక్ నుంచి బయల్దేరే ప్లాన్ పెట్టుకోవద్దు. గాలి లేస్తే ఫెర్రీ రద్దు చేస్తారు. కనీసం ఒక రోజు ముందే పోర్ట్ బ్లెయిర్ వచ్చేయాలి.

గజపతినగరం_డాక్టరమ్మ

అత్తగారి బీపీ మందులు వెళ్లే రోజులకన్నా వారానికి ఎక్కువే పెట్టండి, అదీ చేతి సంచిలో, చెక్-ఇన్ పెట్టెలో కాదు. మందుల చీటీ ఫోటో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. హావ్‌లాక్‌లో ఉన్నది చిన్న ఆసుపత్రి. పెద్ద సమస్య వస్తే పోర్ట్ బ్లెయిర్‌లో జి.బి. పంత్ ఆసుపత్రికే రావాలి. ప్రయాణానికి రెండు వారాల ముందు ఒకసారి బీపీ, షుగరు, ఈసీజీ చూపించి మీ డాక్టర్‌తో సరే అనిపించుకోండి. ఫెర్రీలో వాంతులకు మాత్ర కూడా ఆయన్నే అడిగి తీసుకోండి, కొన్ని మాత్రలతో పెద్దవాళ్లకు మగత వచ్చి తూలిపడతారు.

ఉక్కలో చెమట బాగా పోతుంది. మంచినీళ్లు, కొబ్బరినీళ్లు, మజ్జిగ అడిగి మరీ తాగించండి. బాత్‌రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని పెద్దవాళ్లు ప్రయాణంలో నీళ్లు మానేస్తారు, కళ్లు తిరిగేది అందుకే.

స్కూబా (గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడం) చేయాలనుకునే కుర్రవాళ్లకు: ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్, చెవి సమస్య ఉంటే వద్దు. వాళ్లు ఇచ్చే ఫారంలో నిజం రాయండి. డైవింగ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒత్తిడి తగ్గితే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. కాబట్టి స్కూబా హావ్‌లాక్ వెళ్లిన మర్నాడే పెట్టుకోండి.

నాగావళి_లక్ష్మి

డాక్టర్ గారూ, ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాను.

ఇంకా రెండు చిక్కులున్నాయి. ఒకటి డబ్బు. మా వారిది చిన్న కిరాణా కొట్టు, హైదరాబాద్ బావగారిది మంచి జీతం. ఆయన మొత్తం నేనే పెడతానంటున్నారు, మా వారికి మనసు ఒప్పడం లేదు. రెండోది, మేనమామ గారు ఫోన్ చేసి "నా ఊరొచ్చి హోటల్లో దిగితే నా పరువేం గాను" అని కోప్పడ్డారు. వాళ్లది రెండు గదుల ఇల్లు.

చీపురుపల్లి_పద్మ

డబ్బు సంగతి వెళ్లేముందే, నోటితో, అందరి ముందూ తేల్చేసుకోండి. ఎవరి విమాన టికెట్లు వాళ్లవి. గదులు కాపురానికొకటి, ఎవరిది వాళ్లది. అత్తయ్య టికెట్టు, గది ఐదుగురు పిల్లలూ సమానంగా పెట్టుకోవాలి, అందులో కూతుళ్లను కూడా కలపండి, వాళ్లకూ ఆ తృప్తి ఉండాలి. భోజనాలు, బోట్లు, బండ్లు ఉమ్మడి ఖర్చు. దానికి ఇప్పటి నుంచి నెలనెలా ఒకరి పేరున ఆర్‌డీ కట్టండి, ఎవరి మీదా ఒక్కసారిగా బరువు పడదు. బావగారికి పెట్టాలని ఉంటే ఒక పని ఆయనకు అప్పగించండి: పిల్లలందరి బోట్లు, ఆటలు. పెద్దనాన్న చేయించాడని పిల్లలూ గుర్తుపెట్టుకుంటారు, మీ ఆయనకూ చిన్నతనం ఉండదు.

లెక్క రాసే మనిషి ఒక్కరే ఉండాలి. రోజూ రాత్రి గ్రూపులో పెట్టేయాలి.

పోర్ట్‌బ్లెయిర్_సోంపేటోడు

అక్కా, మేనమామ గారి కోపం నాకు బాగా అర్థమవుతుంది. ఇక్కడ మా ఇళ్లల్లో ఊరి నుంచి చుట్టం వస్తున్నాడంటే పండగ. అందుకని ఇలా చేయండి. వచ్చిన రోజు రాత్రి, హావ్‌లాక్ నుంచి తిరిగొచ్చాక రెండు రాత్రులు, అత్తయ్య గారిని తమ్ముడింట్లోనే ఉంచండి. వాళ్లిద్దరూ మాట్లాడుకోవాల్సింది చాలా ఉంటుంది, మధ్యలో మీరెవరూ వద్దు. మిగతావాళ్లు దగ్గర్లో హోటల్లో పడుకోండి. ఒక పూట మాత్రం అందరూ వాళ్లింట్లో భోంచేయాలి, ఇది తప్పించుకోవద్దు.

సుధ గారి మాట గుర్తుంచుకుని ఒక్కటి చెప్తాను. పదిహేడు మందికి వండాలంటే మేనమామ గారి భార్య పొయ్యి దగ్గర నిలువునా అలిసిపోతారు. మీరు గరిటె దించి ఆవిడ చేతికి ఇచ్చినట్టు అవుతుంది. ఇక్కడ తెలుగు వంటవాళ్లు దొరుకుతారు. చేపలు మేనమామ గారే రేవులో కొంటారు, అది ఆయన సరదా. వంట మనిషిని మాత్రం మీరు మాట్లాడండి.

నాగావళి_లక్ష్మి

తమ్ముడూ, ఈ మాట మా వారికి చదివి వినిపించాను. మేనమామ గారితో మాట్లాడితే వంట మనిషి దగ్గర కాసేపు బెట్టు చేసి ఒప్పుకున్నారు. ఫోన్ అత్తయ్యకిస్తే అక్కాతమ్ముళ్లు గంటసేపు వదల్లేదు.

ఇప్పటికి తేల్చుకున్నది ఇదీ. ఏప్రిల్ చివరి వారం, ఆరు రాత్రులు. మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్, తర్వాత మూడు రాత్రులు హావ్‌లాక్‌లో ఒకే రిసార్టు, తిరిగొచ్చి రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్. అప్పుడు సెల్యులార్ జైలు, రాస్ దీవి. నీల్, బారటాంగ్ తీసేశాం. డబ్బు పద్మ గారు చెప్పినట్టే. మా వారు చాలా తేలికపడ్డారు.

తిండి సంగతి ఒకటి. అత్తయ్య శనివారం నీసు తినరు, బయట మసాలాలు పడవు.

బొబ్బిలి_సుధ

రిసార్టుకు వారం ముందే చెప్పు: ఒకరికి రోజూ అన్నం, ముద్దపప్పు, చారు, పెరుగు కావాలని. ఆరు గదులు తీసుకునేవాళ్లు అడిగితే కాదనరు. ఆవకాయ, కారప్పొడి సీసాలు బాగా చుట్టి చెక్-ఇన్ పెట్టెలో వేయి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపుతారు. ఎండుకొబ్బరి చిప్పలు మాత్రం ఎందులోనూ పెట్టకు, నూనె ఎక్కువ కాబట్టి నిప్పంటుకుంటుందని విమానంలో నిషేధం. పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే.

కళింగపట్నం_శీను

పిల్లలకు ఒక మాట గట్టిగా చెప్పండి. ఒడ్డున పగడం ముక్క కనిపిస్తే ఏరి సంచిలో వేసుకోవద్దు. వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎయిర్‌పోర్టులో స్కానింగ్‌లో దొరికిపోతారు. గవ్వలు కావాలంటే బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి.

టెక్కలి_మాస్టారు

సెల్యులార్ జైలుకు పిల్లలను తీసుకెళ్లేముందు కొంచెం చెప్పి తీసుకెళ్లండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. నడిమి గోపురం చుట్టూ ఏడు బారులు కట్టారు, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక గది తలుపు ఇంకో గది వీపు వైపుకే ఉంటుంది. మనిషికి మనిషి ముఖం కనపడకుండా కట్టడమే అక్కడి శిక్ష. పిల్లలను ఒక గదిలో నిలబెట్టి, ఎదుట ఏం కనిపిస్తోందో వాళ్లనే చెప్పమనండి. మీ అత్తగారు పై అంతస్తులు ఎక్కనక్కర్లేదు, ముంగిట్లో రావిచెట్టు నీడన కూర్చోవచ్చు. రాత్రి లైట్ అండ్ సౌండ్ షో కూర్చుని చూసేదే కాబట్టి ఆవిడకు ఇబ్బంది ఉండదు.

నాగావళి_లక్ష్మి

మాస్టారూ, తప్పకుండా. ఫెర్రీ టికెట్లు ఎప్పుడు తీసుకోవాలి? పదిహేడు సీట్లు ఒకేచోట దొరుకుతాయా?

పోర్ట్‌బ్లెయిర్_సోంపేటోడు

విమాన టికెట్లు ఖాయమైన రోజే ఫెర్రీవీ తీసేయండి అక్కా. ఆలస్యమైతే ఒకే ఫెర్రీలో అందరికీ దొరకవు. కింది డెక్కులో మధ్య వరసలు అడగండి, కుదుపు తక్కువ. అత్తయ్య గారికి నడవ పక్క సీటు. రేవుకు గంట ముందు చేరాలి, పిల్లలతో సహా అందరి ఆధార్ కార్డులూ ఒరిజినల్ ఉండాలి, పేరు టికెట్ మీద ఉన్నట్టే ఉండాలి. హావ్‌లాక్‌లో ఏటీఎంలు తక్కువ, కొంత నగదు ఇక్కడే తీసుకోండి.

మేనమామ గారి ఇంటిపేరు, ఏ పేటో నాకు మెసేజ్ పెట్టండి. జంగ్లీఘాట్ వైపు అయితే మా నాన్నకు తెలిసే ఉంటారు. వంట మనిషిని నేనే మాట్లాడి పెడతాను, ఏప్రిల్‌లో ఇక్కడా పెళ్లిళ్లు ఉంటాయి, బేగి చెప్పాలి.